ఇంటి కంప్యూటర్‌ని చూసి టైము దిద్దుకునే గోడ గడియారం: ఎలా చేసుకోవాలి?

అమెరికా నుంచి పిల్లలు ముచ్చటపడి తెచ్చే ‘అటామిక్’ గడియారం అమలాపురంలో గోడకెక్కాక మామూలు బ్యాటరీ గడియారమే. కొలరాడోలోని డబ్ల్యూడబ్ల్యూవీబీ స్టేషన్ 60 కిలోహెర్ట్జ్ మీద పంపే రేడియో సంకేతం కోసం అది వెతుకుతూనే ఉంటుంది. ఆ సంకేతం ఇంత దూరం రాదు. పైగా అలాంటి చాలా గడియారాల్లో మన ఐదున్నర గంటల తేడా పెట్టుకునే వీలే ఉండదు.

ఇక్కడ పనికొచ్చేది వైఫై. కంప్యూటర్ నెట్ నుంచి సరైన టైము తెచ్చుకుంటుంది, గడియారం కంప్యూటర్ని అడుగుతుంది. నేరుగా నెట్‌నే అడగొచ్చు కదా అంటే, అడగొచ్చు. కానీ గాలివానకి కేబుల్ తెగితే రోజుల తరబడి నెట్ రాని ఊళ్ళు మనవి. ఇన్వర్టర్ మీద రూటరూ కంప్యూటరూ నడిస్తే చాలు, గడియారానికి టైము అందుతూనే ఉంటుంది.

కావలసినవి

- ఈఎస్‌పీ8266 నోడ్‌ఎంసీయూ బోర్డు (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు) 1
- డబ్ల్యూఎస్2812బీ ఎల్ఈడీ స్ట్రిప్ 1 మీటరు (మీటరుకు 60 లైట్లది, 5 వోల్టులది)
- 5 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్
- 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, 330 ఓమ్ రెసిస్టర్
- 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, చిన్న ప్లాస్టిక్ డబ్బా

స్టీలు పళ్ళెం వెనక బోర్డు బిగించాలనుకోకండి, లోహం వైఫైని అడ్డుకుంటుంది. ప్లైవుడ్ కూడా నీటికి ఆగే రకం తీసుకోండి. మామూలుది మన వర్షాకాలం తేమకి అంచుల దగ్గర ఉబ్బుతుంది, స్ట్రిప్ ఊడుతుంది.

చక్రం

మేకు, దారంతో 15.9 సెంటీమీటర్ల వ్యాసార్ధం గీసి కోయించండి. ఆ లెక్కకి చుట్టుకొలత సరిగ్గా మీటరు, అంటే నిమిషానికో లైటు. స్ట్రిప్‌ని చక్రం అంచు మీద, లైట్లు బయటికి చూసేలా, వైర్లు కిందికి అంటే 6 అంకె ఉండే చోట వచ్చేలా అంటించండి. చక్రాన్ని గోడకి రెండు సెంటీమీటర్ల ఎడంగా బిగిస్తే లైటు కంట్లో పడదు, గోడ మీద పడుతుంది. తెల్ల సున్నం గోడ మీద ఇది బాగుంటుంది. ముదురు రంగు గోడైతే వెలుతురంతా గోడే మింగేస్తుంది.

ప్రోగ్రామ్ ఎక్కించడం

స్ట్రిప్ కలపకముందే ఈ పని ముగించండి. డబ్ల్యూఎల్ఈడీ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, ఒక్క లైను కోడ్ కూడా రాయక్కర్లేదు. క్రోమ్ లేదా ఎడ్జ్‌లో ‘ఇన్‌స్టాల్ డాట్ డబ్ల్యూఎల్ఈడీ డాట్ మీ’ తెరిచి, బోర్డుని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ఇన్‌స్టాల్ నొక్కండి. పోర్టు కనిపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. ఫోను చార్జింగ్‌కే పనికొచ్చే కేబుళ్ళలో డేటా తీగలుండవు. అప్పటికీ రాకపోతే సీహెచ్340 డ్రైవర్ వేసుకోవాలి.

తర్వాత ఫోన్లో ‘డబ్ల్యూఎల్ఈడీ-ఏపీ’ అనే వైఫై కనిపిస్తుంది. పాస్‌వర్డ్ ‘డబ్ల్యూఎల్ఈడీ1234’, అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలే. బ్రౌజర్లో 4.3.2.1 కొట్టి మీ ఇంటి వైఫై వివరాలివ్వండి. ఈ బోర్డుకి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు, 5 గిగాహెర్ట్జ్ పేరు దానికి కనపడదు. అతిథుల కోసం పెట్టిన గెస్ట్ వైఫైలో కలపొద్దు. అందులో ఉన్న పరికరాన్ని చాలా రూటర్లు కంప్యూటర్ దాకా రానివ్వవు.

పాత మండువా లోగిళ్ళలో గోడలు మందం. రూటర్ని ఏదో మూలగదిలో పెట్టే బదులు మండువా వైపు పెడితే సిగ్నల్ నాలుగు వసారాలకీ చేరుతుంది.

వైరింగ్

అడాప్టర్ 5 వోల్టుల తీగ స్ట్రిప్‌కీ, బోర్డు ‘విన్’ పిన్నుకీ వెళ్ళాలి. గ్రౌండు మూడింటికీ ఒకటే కావాలి, అది మర్చిపోతే లైట్లు పిచ్చిపిచ్చిగా వెలుగుతాయి. బోర్డు ‘డీ4’ పిన్ను నుంచి రెసిస్టర్ గుండా స్ట్రిప్ డేటా తీగకి, బాణం గుర్తు మొదలయ్యే వైపు. కెపాసిటర్ స్ట్రిప్ ప్లస్ మైనస్‌ల మధ్య. దాని మీద గీత ఉన్న కాలు మైనస్.

డేటా తీగ జానెడు దాటకూడదు. బోర్డు 3.3 వోల్టులతో మాట్లాడుతుంది, 5 వోల్టుల మీద నడిచే లైటుకి కనీసం 3.5 కావాలి. చాలాసార్లు పొట్టి తీగతో నెట్టుకొస్తుంది. మొదటి లైటు మిణుకుమిణుకుమంటే స్ట్రిప్‌కి వెళ్ళే ప్లస్ తీగలో ఒక 1ఎన్4007 డయోడు పెట్టండి. స్ట్రిప్ వోల్టేజి 4.3 దగ్గరికి తగ్గి, 3.3 సరిపోతుంది.

అంతర్వేది, ఉప్పాడ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఉప్పు గాలికి టంకం అతుకులు పచ్చబడతాయి. అతుకుల మీద రంగులేని నెయిల్ పాలిష్ ఒక పూత చాలు. యూఎస్‌బీ సాకెట్‌లోకి మాత్రం పోనివ్వకండి. డబ్బాకి బల్లి దూరేంత సందు ఉండకూడదు.

కంప్యూటర్ని టైము చెప్పేలా చేయడం

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. విండోస్ తన టైము దిద్దుకుంటుంది గానీ, అడిగినవాళ్ళకి చెప్పదు. చెప్పించాలి.

ముందు రూటర్ సెట్టింగుల్లో కంప్యూటర్‌కి ఐపీ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని చిరునామా) స్థిరంగా కేటాయించండి, ఉదాహరణకి 192.168.1.10. కంట్రోల్ ప్యానెల్‌లో ‘డేట్ అండ్ టైమ్’, అందులో ‘ఇంటర్నెట్ టైమ్’ దగ్గర ‘టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఓఆర్‌జీ’ ఇవ్వొచ్చు. భారత ప్రామాణిక కాలాన్ని కాపాడే ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సర్వర్ అది.

తర్వాత రిజిస్ట్రీ ఎడిటర్లో లోకల్ మెషీన్ కింద సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్, డబ్ల్యూ32టైమ్, టైమ్ ప్రొవైడర్స్, ఎన్‌టీపీ సర్వర్ దాకా వెళ్ళి ‘ఎనేబుల్డ్’ విలువ 1 చేయండి. ఎన్‌టీపీ అంటే నెట్‌వర్క్‌లో ఒక పరికరం మరోదాన్ని టైము అడిగే పద్ధతి. అదే డబ్ల్యూ32టైమ్ కింద ‘కాన్ఫిగ్’లో ‘అనౌన్స్ ఫ్లాగ్స్’ 5 చేయండి. కంప్యూటర్ ‘నా టైము నమ్మకమైనది కాదు’ అని జవాబిస్తే గడియారం దాన్ని తీసుకోదు, అందుకే ఈ 5.

సర్వీసుల జాబితాలో ‘విండోస్ టైమ్’ని ఆటోమేటిక్ చేసి రీస్టార్ట్ ఇవ్వండి. మాన్యువల్‌లో వదిలేస్తే ఈరోజు పనిచేసి రేపు నిద్రపోతుంది. ఫైర్‌వాల్లో యూడీపీ 123 పోర్టుకి లోపలికి అనుమతి ఇచ్చి, ఇంటి వైఫైని ‘ప్రైవేట్’గా గుర్తించండి.

కంప్యూటర్ ఆపి వేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే లోపలి సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ అయిపోయిందన్నమాట. ముందు అది మార్చాలి, లేకపోతే నెట్ లేని రోజున తప్పు టైమే ఇల్లంతా పంచుతుంది.

గడియారం సెట్టింగులు

బ్రౌజర్లో బోర్డు ఐపీ కొట్టి గడియారం పేజీ తెరవండి. సెట్టింగుల్లో ‘ఎల్ఈడీ ప్రిఫరెన్సెస్’లో లైట్ల సంఖ్య 30 అని ఉంటుంది, 60 చేయండి. మార్చకపోతే నిమిషాల ముల్లు అరగంట కనిపించి అరగంట మాయమవుతుంది. కరెంటు పరిమితి 850 మిల్లీఆంపియర్ల దగ్గరే ఉంచండి. అరవై లైట్లూ నిండు తెలుపులో వెలిగితే 3.6 ఆంపియర్లు లాగుతాయి, మన అడాప్టర్ తట్టుకోదు.

‘టైమ్ అండ్ మాక్రోస్’లో ఎన్‌టీపీ టిక్ పెట్టి, సర్వర్ గడిలో కంప్యూటర్ ఐపీ, టైమ్ జోన్‌లో ఇండియా ఇవ్వండి. ‘అనలాగ్ క్లాక్’ టిక్ చేసి మొదటి లైటు 0, చివరిది 59, 12 గంటల లైటు 30. వైర్లు కిందికి పెట్టాం కాబట్టే 30. స్ట్రిప్ అపసవ్యంగా అంటించి ఉంటే ఊడదీయక్కర్లేదు, ‘రివర్స్‌డ్’ టిక్ చాలు. చివరగా రంగు ‘సాలిడ్’ నలుపు చేయండి, ముళ్ళు మాత్రమే వెలుగుతాయి.

గంట నీలం, నిమిషం ఆకుపచ్చ, సెకను ఎరుపు. సెకనుకోసారి కదిలే లైటు ఆకుపచ్చగా, నిమిషాలది ఎరుపుగా కనిపిస్తుంటే టైము తప్పు కాదు, స్ట్రిప్ రంగుల వరస తేడా. ‘ఎల్ఈడీ ప్రిఫరెన్సెస్’లో ‘జీఆర్‌బీ’ని ‘ఆర్‌జీబీ’ చేయండి.

‘టైమ్ అండ్ మాక్రోస్’ పేజీలో 1970వ సంవత్సరం కనిపిస్తుంటే కంప్యూటర్ జవాబు ఇంకా రాలేదు. కంప్యూటర్ స్లీప్‌లో ఉందా, ఫైర్‌వాల్ అడ్డా, ఐపీ మారిందా, ఈ వరసలో చూడండి. ఒకసారి టైము అందాక కంప్యూటర్ ఆపేసినా పర్వాలేదు, గడియారం దాదాపు రోజుకి రెండుసార్లే అడుగుతుంది. కరెంటు పోయివస్తే మాత్రం మళ్ళీ అడగాలి, దానికి సొంత బ్యాటరీ లేదు. అప్పుడు కంప్యూటర్ అందుబాటులో లేకపోతే ఫోన్లో గడియారం పేజీ తెరిచి వెలుతురు కాస్త మార్చండి, ఫోను టైము దానికి చేరిపోతుంది.

ఇంత చేశాక కంప్యూటర్ ఐపీని సీసీటీవీ రికార్డర్‌కి కూడా ఇవ్వండి. రొయ్యల చెరువు గట్టు మీది కెమెరా అయినా రికార్డరు ఇంటి వైఫైలో ఉంటే చాలు. దాని నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఎన్‌టీపీ దగ్గర అదే ఐపీ, పోర్టు 123, టైమ్ జోన్ +5:30, డేలైట్ సేవింగ్ ఆఫ్.