గవ్వ నోరు అవతలివాళ్లకీ కనిపించాలి: వీడియో కాల్‌లో అష్టాచెమ్మా

అష్టాచెమ్మాలో తగాదా గవ్వల దగ్గరే మొదలవుతుంది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. ఒక గవ్వ కాస్త ఒరిగి పడితే ఎదురుగా కూర్చున్నవాళ్లకే లెక్క తేలదు. అలాంటిది అమ్మమ్మ విజయవాడలో, మనవలు డాలస్‌లో ఉండి ఆడితే? అందుకే ముఖాల సంగతి తర్వాత, ముందు గవ్వల సంగతి చూడండి.

రెండు పరికరాలు కావాలి. మాటలకీ ముఖాలకీ ల్యాప్‌టాప్, పటానికి ఫోను. ఫోను వెనక కెమెరాని అడ్డంగా, సరిగ్గా కిందికి చూసేలా, పటానికి 60 సెంటీమీటర్ల ఎత్తున బిగించండి. చాలా ఫోన్లలో ఆ ఎత్తు నుంచి దాదాపు 70 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు కనిపిస్తుంది. 35 సెంటీమీటర్ల పటం, పక్కనే గవ్వలు వేసే చోటు రెండూ పడతాయి. విజయవాడ బీసెంట్ రోడ్డులో బళ్ల మీద దొరికే, ఎటు వంచితే అటు వంగే సన్నటి స్టాండు దీనికి పనికిరాదు. ఫోను బరువుకి వంగుతుంది, బల్ల మీద చెయ్యి పడ్డప్పుడల్లా బొమ్మ ఊగుతుంది. నేల మీద ఆడేవాళ్లకి సులువైన దారి ఉంది: రెండు స్టూళ్ల మీద చెక్క వేసి, లెన్సు అంచు దాటి బయటికి వచ్చేలా ఫోనుని పడుకోబెట్టి, దాని మీద చిన్న బరువు పెట్టండి. స్టూళ్లు పొట్టివైతే కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచండి. అవతలివాళ్ల ఇల్లు (పటం మీద వాళ్ల పావులు బయల్దేరే గడి) తెరలో కింది వైపు ఉండేలా పటాన్ని తిప్పిపెట్టండి, లేకపోతే వాళ్లు ఆటంతా తలకిందులుగా ఆలోచించాల్సి వస్తుంది.

అసలు కష్టం వెలుతురు దగ్గర. గవ్వ వీపు నున్నగా మెరుస్తుంది కాబట్టి నెత్తిమీద ట్యూబ్‌లైటు ఉంటే దాని మీద తెల్లటి మచ్చ పడుతుంది, కెమెరాకి వీపేదో నోరేదో తెలియదు. పైగా ఫోను నీడ పటం మీదే పడుతుంది. పై లైటు ఆపేసి, కుడి ఎడమల నుంచి రెండు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఏటవాలుగా పడేలా పెట్టండి. తెరలో నల్లటి చారలు పాకుతుంటే కెమెరా 60 హెర్ట్జ్ కరెంటు లైట్లకి సర్ది ఉండొచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ సెట్టింగ్ ఉంటే 50కి మార్చండి. గవ్వలకి ముదురు ఆకుపచ్చ లేదా మెరూన్ రంగు, మెరవని గుడ్డ పరచండి. గవ్వ నోటి చీలికలో నల్ల స్కెచ్‌పెన్ పూస్తే నూటికి నూరుపాళ్లు తేడా తెలుస్తుంది. పటం నల్ల చార్టు మీద గీస్తే పావులుగా పెట్టిన చింతగింజలు అందులో కలిసిపోతాయి, రంగు చొక్కా గుండీలు వాడండి.

చెయ్యి అడ్డం వచ్చినప్పుడల్లా ఫోకస్ మారిపోతుంది. కెమెరా యాప్‌లో ఫోకస్ లాక్ ఉంటే వేసేయండి.

శబ్దానికి నియమం ఒక్కటే: గదిలో ఒక్క మైకు, ఒక్క స్పీకరు. ఫోను కూడా అదే కాల్‌లో చేరితే, దాని ఆడియో కలపకుండా చేర్చండి. కలిపితే కీచుమని కూత మొదలవుతుంది. మైకు ఆడేవాళ్లకి అరమీటరులో ఉండాలి, మడతపెట్టిన తువ్వాలు మీద ఉంటే బల్ల చప్పుడు ఎక్కదు. జూమ్‌లో నాయిస్ సప్రెషన్‌ని (చుట్టూ ఉన్న చప్పుళ్లు తగ్గించే సెట్టింగ్‌ని) 'లో'కి దించండి. ఎక్కువ ఉంటే గవ్వల గలగలని గోల అనుకుని మింగేస్తుంది, ఆ చప్పుడు లేకపోతే ఆటలో సగం ప్రాణం పోయినట్టే. టైల్స్ హాల్లో మాట గింగురుమంటుంది, జంపఖానా పరిచి కిటికీలకి తెరలు వేయండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మైకు వాడగానే చాలావాటిలో శబ్దం నాసిరకం అవుతుంది, వైరువి మేలు.

విజయవాడ ఎండల్లో ఫ్యాను ఆపమనడం కుదరదు. గాలి నేరుగా మైకుకి తగలకుండా చూస్తే చాలు, కూలరు మాత్రం ఆపాల్సిందే. ఆదివారం ఉదయం 7 గంటలకి ఆడితే ఫ్యాను రెండులో సరిపోతుంది, డాలస్‌లో అప్పుడు శనివారం రాత్రి 8.30, చలికాలంలో 7.30. ఉచిత జూమ్ కాల్ 40 నిమిషాలకి తెగుతుంది, రెండో లింకు ముందే పంపి ఉంచండి. కరెంటు పోయినా నెట్ ఆగకుండా రౌటరు ఇన్వర్టరు మీద ఉండాలి, ఇంటర్నెట్ ఫైబర్ డబ్బా వేరుగా ఉంటే అదీ ఉండాలి.

పావు ఎక్కడికి జరపాలో చెప్పేటప్పుడు "ఆ గడి, ఈ గడి" అంటే పొరపాట్లు తప్పవు. 25 గడులకీ నిలువు వరసలు 1 నుంచి 5, అడ్డ వరసలు కలం, చక్రం, జడ, తబలా, పలక అని పేర్లు పెట్టి పటం అంచున రాయండి. "తబలా మూడు" అంటే మాట సగం తెగినా అర్థమవుతుంది.

ఆట మొదలుకాక ముందు నోరు విప్పకుండా గవ్వలు ఐదుసార్లు వేయండి, ఎంత పడిందో అవతలివాళ్లనే చెప్పమనండి. ఒక్కసారి తప్పినా ముందు లైటు జరపండి, కెమెరా జోలికి తర్వాత వెళ్లండి.