సందక్‌ఫూ – ఫాలుట్ ట్రెక్కు: పర్మిట్ సంగతి తర్వాత, ముందు మీ ఓటరు కార్డు ఎక్కడుందో చూసుకోండి

ట్రెక్కు మొదలయ్యే ఊరు మానేభంజన్ బజారులో జీపు దిగి టీ తాగుతుంటే పక్కన నలుగురు కుర్రాళ్ళు. హైదరాబాద్ వాళ్ళే, మాట వినగానే తెలిసిపోయింది. ఒకడి చేతిలో లామినేషన్ చేయించిన కాగితం. పైన పెద్దక్షరాలతో సందక్‌ఫూ ట్రెక్ పర్మిట్ అని, కింద అరిగిపోయిన గుండ్రటి ముద్ర. గైడ్ల ఆఫీసులో కూర్చున్న పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, టేబుల్ మీద ఓ పక్కన పెట్టి, తన రిజిస్టరు తెరిచాడు. "కార్డులు ఇవ్వండి" అన్నాడు హిందీలో. ఆ లామినేషన్ కాగితానికి సిలిగురిలో ఎవరికో తలకి రెండు వేలు ఇచ్చారట. దానికి అక్కడ టీ గ్లాసు కింద పెట్టుకునేంత విలువ కూడా లేదు.

భారతీయులు ఈ ట్రెక్కుకి ఊళ్ళో బయల్దేరేముందే కొనుక్కోవాల్సిన పర్మిట్ ఏదీ లేదు. ఎవరైనా "ముందే చేయించేస్తాం సార్" అంటే నవ్వి పక్కకి రండి. పనంతా మానేభంజన్‌లోనూ, దారిలోనూ, మీ ఎదురుగానే జరుగుతుంది.

కొత్తవాళ్ళ కోసం దారి గురించి నాలుగు ముక్కలు. ఇది డార్జిలింగ్ జిల్లాలోని సింగలీలా నేషనల్ పార్కు గుండా, భారత్ – నేపాల్ సరిహద్దు మీద సాగే కొండగట్టు. మానేభంజన్ నుంచి చిత్రే, మేఘ్మా, టోంగ్లూ లేదా టమ్లింగ్, గైరీబాస్, కాలీపోఖ్రీ మీదుగా 3,636 మీటర్ల సందక్‌ఫూకి ఎక్కుతారు. పశ్చిమ బెంగాల్లో అంతకంటే ఎత్తైన చోటు లేదు. అక్కణ్ణుంచి గట్టు మీదే 21 కిలోమీటర్లు నడిస్తే ఫాలుట్. రాత్రుళ్ళు ట్రెక్కర్స్ హట్లలోనో, ఊరివాళ్ళ లాడ్జీల్లోనో పడక. ఆకాశం తేటగా ఉంటే ఒకవైపు కాంచనజంగ, ఇంకోవైపు దూరంగా ఎవరెస్టు. మబ్బు పడితే ముందు నడిచేవాడి బ్యాగు తప్ప ఇంకేం కనబడదు.

చేరుకోవడం తేలిక. విజయవాడ, విశాఖల మీదుగా గువాహటి వెళ్ళే రైళ్ళు న్యూ జల్పాయిగురిలో ఆగుతాయి. విమానమైతే బాగ్‌డోగ్రా. అక్కణ్ణుంచి జీపు.

మానేభంజన్‌లో మొదట గైడ్ల ఆఫీసు. పార్కులోకి గైడు లేకుండా పంపరు. పేర్లు, వయసులు, గుర్తింపు కార్డు నంబర్లు, ఎన్ని రాత్రులు, ఏ దారిన దిగుతారు, ఇవన్నీ రాయించుకుని వంతు ప్రకారం గైడుని ఇస్తారు. రోజుకింత అని రేటు ఉంటుంది. రసీదు అడిగి తీసుకోండి, గైడు తిండీ పడకా అందులో కలిసున్నాయో లేదో అప్పుడే తేల్చుకోండి. నాలుగో రోజు చలిలో ఆ గొడవ పెట్టుకోవడం ఎవరికీ మంచిది కాదు. తర్వాత టమ్లింగ్ దగ్గర అటవీశాఖ గేటు వస్తుంది. పార్కు టికెట్టు అక్కడ. కెమెరాకి వేరే కడతారు. ఈ అడవిలో ఎర్ర పాండాలున్నాయి. డార్జిలింగ్ జూలో పెంచినవాటిని తెచ్చి ఇక్కడ వదిలారు కూడా. ఆ జూకి పేరు మన హైదరాబాద్‌లో పుట్టిన పద్మజా నాయుడిది. ఆవిడ బెంగాల్ గవర్నరుగా చేశారు. గేటు దగ్గర ప్లాస్టిక్ గురించి గదమాయిస్తే కాస్త ఆ పాండాల మొహం చూసి ఊరుకోండి.

ఇక అసలు చిక్కు. సరిహద్దుని సశస్త్ర సీమా బల్ కాపలా కాస్తుంది. దారి పొడుగునా వాళ్ళ చెక్‌పోస్టులుంటాయి. ప్రతిచోటా రిజిస్టరు, ప్రతిచోటా కార్డు. మనవాళ్ళందరూ ఆధార్ పట్టుకెళ్తారు, అది కూడా ఫోన్లో ఫోటోగా. చాలా రోజులు అది చెల్లిపోతుంది, కాదనను. కానీ టమ్లింగ్, జౌబారీ నేపాల్ ఇలాం జిల్లాలోవి. అంటే ట్రెక్కులో కొంతసేపు మీరు పరాయి దేశంలో నడుస్తారు, అక్కడే పడుకుంటారు కూడా. సరిహద్దు తెరిచే ఉంది, వీసా అక్కర్లేదు, నిజమే. కార్డు అక్కర్లేదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేపాల్ వెళ్ళే భారతీయుడి దగ్గర ఉండాల్సినవని కేంద్ర హోంశాఖ చెప్పిన జాబితాలో మామూలు జనానికి పనికొచ్చేవి రెండు: పాస్‌పోర్టు, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు. ఆధార్‌ని ఒప్పుకునేది 15 ఏళ్ళ లోపు, 65 ఏళ్ళ పైబడ్డవాళ్ళకే. పాన్ కార్డూ అంతే, మిగతావాళ్ళకి ఆ లెక్కలోకే రాదు. 15 నుంచి 18 మధ్య పిల్లలకి స్కూలు ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు సర్టిఫికెట్ చెల్లుతుంది. కాలేజీ ఐడీ కార్డు మెళ్ళో వేసుకొస్తే సరిపోదు, నిర్ణీత నమూనాలో కాగితం కావాలి. భార్యాభర్తలూ మైనరు పిల్లలూ తల్లిదండ్రులూ కలిసి వెళ్తే ఒక వెసులుబాటు ఉంది. పెద్దవాళ్ళలో ఒక్కరి దగ్గర పైన చెప్పిన కార్డుంటే చాలు, మిగతావాళ్ళు ఫోటోతోపాటు బంధుత్వం తెలిసే ఏదో ఒక ఆధారం చూపాలి. రేషన్ కార్డు ఇంట్లో ఎక్కడో ఉంటుంది కదా, దానికి ఇలాంటప్పుడు పని పడుతుంది.

మా గుంపులో ఒకాయన్ని ఒక చెక్‌పోస్టులో ఇందుకే ఆపారు. ఆధార్ చూపించాడు. జవాను మర్యాదగానే అడిగాడు, ఓటరు కార్డు లేదా అని. ఉంది. ఎక్కడ? నరసాపురంలో, వాళ్ళమ్మ బీరువాలో, చీరల కింద. ఉద్యోగం గచ్చిబౌలిలో, ఓటు ఊళ్ళో. మనలో సగంమంది పరిస్థితి ఇదే. గంటన్నర కూర్చోబెట్టి, పై అధికారిని అడిగి వదిలారు. వేరే రోజైతే, వేరే అధికారైతే వదిలేవారో లేదో నేను చెప్పలేను. ఆ గంటన్నరా మిగతా తొమ్మిదిమందిమీ గాలిలో వణుకుతూ నిలబడ్డాం. ఆయన మొహం చూసి ఎవరం ఏమీ అనలేదు.

కాబట్టి బయల్దేరేందుకు నెల ముందే ఇంటికి ఫోన్ చేసి ఆ కార్డు పంపించుకోండి. పోయిందంటే ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఈ-ఎపిక్, అంటే డిజిటల్ ఓటరు కార్డు దొరుకుతుంది. 2021 నుంచి ఉంది. మొబైల్ నంబరు కలిపి ఉంటే వెంటనే దిగుతుంది, లేకపోతే ముందు అది కలిపించుకోవాలి. నెల ముందు అన్నది ఇందుకే. దిగాక రంగుల్లో ప్రింటు తీయండి. ఫోన్లో ఉంది కదా అనకండి. గట్టు మీద మన సిమ్ములకి సిగ్నల్ మీద భరోసా లేదు, కొన్నిచోట్ల ఫోను నేపాల్ టవర్‌ని పట్టుకుని రోమింగ్ అంటుంది. డిజిలాకర్ తెరుచుకునేలోగా వెనక లైను పెరిగిపోతుంది.

ఇంకోటి, మన ఇంటిపేర్ల గోల. పాత ఓటరు కార్డు మీద ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో చివరికి పోయి ఉంటుంది. గైడ్ల ఆఫీసులో ఏ కార్డు మీది పేరు రాయించారో చివరిదాకా ఆ కార్డే చూపించండి. రెండు కార్డులు మార్చి మార్చి చూపిస్తే లేని అనుమానం మనమే పుట్టించినట్టు.

అమెరికా నుంచి సెలవులకొచ్చి పిల్లలతో ట్రెక్కు కొట్టేవాళ్ళకి: అక్కడి పౌరసత్వం తీసుకుంటే మీరు విదేశీయుల కిందే లెక్క. విదేశీ పాస్‌పోర్టు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చే) కార్డు, రెండూ అసలువి పట్టుకెళ్ళండి. పాత ఓటరు కార్డు ఇంకా దగ్గరుందని దాంతో పని కానిచ్చేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. దానివల్ల వచ్చే తలనొప్పి ట్రెక్కుతో పోయేది కాదు.

పడకల సంగతి. టమ్లింగ్, కాలీపోఖ్రీ, సందక్‌ఫూలలో సీజన్లో కూడా ఏదో ఒకటి దొరుకుతుంది. ఫాలుట్‌లో అలా కాదు. అక్కడ ప్రధానంగా ఉన్నది గూర్ఖాలాండ్ టెరిటోరియల్ అడ్మినిస్ట్రేషన్ (డార్జిలింగ్ కొండల పాలన సంస్థ) వాళ్ళ ట్రెక్కర్స్ హట్టే. అది దొరక్కపోతే మరో 15 కిలోమీటర్లు దిగి గోర్ఖే చేరాలి, అదీ సందక్‌ఫూ నుంచి 21 నడిచాక. అందుకని ముందు ఫాలుట్ రాత్రి ఖాయం చేసుకుని, మిగతా రోజులు దానికి తగ్గట్టు సర్దుకోండి. ఆ సంస్థ టూరిజం ఆఫీసుల్లో గానీ గైడు ద్వారా గానీ అడగొచ్చు. ఎవరైనా "కన్ఫర్మ్" అంటే ఏ తేదీకి, ఎన్ని మంచాలు, ఎవరి పేరు మీద, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి.

జూన్ 16 నుంచి సెప్టెంబరు 15 దాకా పార్కు మూసేస్తారు. ఆ రోజుల్లో "లోపలికి పంపిస్తాం" అనేవాడు ఎవడైనా సరే, నమ్మొద్దు. ఆస్తమా, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఊళ్ళోనే డాక్టరుకి చూపించుకుని ఆ కాగితం వెంట పెట్టుకోండి. ల్యాండ్ రోవర్ జీపులో ఒక్క పూటలో సందక్‌ఫూ ఎక్కేస్తే, ఆ ఎత్తుకి తల పోటు నడిచినవాళ్ళకంటే జీపులో వెళ్ళినవాళ్ళకే ఎక్కువ.

జిరాక్సులు నాలుగు సెట్లు, ప్లాస్టిక్ కవరులో. పెన్ను కాదు, పెన్సిలు పట్టుకెళ్ళండి. నవంబరు పొద్దున చెక్‌పోస్టు టేబుల్ మీద దారంతో కట్టిన బాల్‌పెన్ను చలికి గీత కూడా గీయదు. మా వెనకాల వచ్చిన పదిమందీ మా పెన్సిలుతోనే రాశారు.