మొదటి యాంటీబయోటిక్ ఎక్కించే ముందే: క్యాజువాలిటీలో బ్లడ్ కల్చర్ తీసే పద్ధతి

జ్వరంతో క్యాజువాలిటీకి వచ్చిన మనిషి రక్తంలో బాక్టీరియా తిరుగుతోందా? తిరుగుతుంటే అది ఏది? దానికి ఏ మందు పనిచేస్తుంది? మన చేతిలో ఉన్న పరీక్షల్లో ఈ మూడింటికీ జవాబు చెప్పేది బ్లడ్ కల్చర్, అంటే రక్తాన్ని బాటిల్‌లో పోసి అందులోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష. సీబీపీ (రక్తకణాల లెక్క), సీఆర్పీ, ప్రోకాల్సిటోనిన్, లాక్టేట్ లాంటి రక్త పరీక్షలు మన అనుమానాన్ని పెంచుతాయి లేదా తగ్గిస్తాయి, అంతవరకే. అయినా హడావిడిలో అన్నిటికంటే చివర తీసేదీ, చాలీచాలని రక్తంతో పంపేదీ కల్చర్‌నే. నేను ఒక టీచింగ్ హాస్పిటల్ క్యాజువాలిటీలో నర్సింగ్ ఇన్‌ఛార్జిని. కొత్తగా చేరిన సిస్టర్లకూ, పోస్టింగ్‌కు వచ్చే హౌస్ సర్జన్లకూ బెడ్ పక్కన నిలబడి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఎవరికి తీయాలి

జ్వరమన్న ప్రతివాళ్లకీ అక్కర్లేదు. రెండు రోజుల జలుబు, ఒళ్లునొప్పులతో నడుచుకుంటూ వచ్చి, పొద్దున ఇడ్లీ తిన్నానని చెప్పే కుర్రాడికి కల్చర్ తీస్తే దొరికేది చాలావరకు చర్మం మీది క్రిమే. దాన్ని చూసి అనవసరంగా మందులు మొదలవుతాయి.

ముందు పేషెంటుతో వచ్చినవాళ్లను సరిగ్గా అడగండి. "చలి పెట్టిందా?" అంటే అందరూ అవుననే అంటారు. "ఎన్ని దుప్పట్లు కప్పారమ్మా? కప్పినా వణుకు ఆగలేదా? మంచం ఊగిందా, పళ్లు కటకటలాడాయా?" అని అడగండి. జపాన్ డాక్టర్లు ఈ చలినే మూడు మెట్లుగా విడదీసి చూశారు: పైన ఒక స్వెట్టర్ వేసుకోవాలనిపించే చలి, మందపాటి దుప్పటి కావాలనిపించే చలి, దుప్పటి కప్పినా ఒళ్లంతా ఊగిపోయే వణుకు. మూడో రకం ఉన్నవాళ్ల రక్తంలో బాక్టీరియా దొరికే అవకాశం చాలా ఎక్కువ. రెండో ప్రశ్న, "అన్నం తింటున్నాడా?" మామూలుగా తినగలుగుతున్న మనిషి రక్తంలో బాక్టీరియా ఉండటం తక్కువ. ఈ రెండు ప్రశ్నలకూ పైసా ఖర్చు లేదు.

ఎమర్జెన్సీలో వాడటానికి షపిరో అనే డాక్టరు బృందం 2008లో ఒక లెక్క ఇచ్చింది. 39.4 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, గుండె కవాటాల ఇన్ఫెక్షన్ అనుమానం, రక్తనాళంలో ఉంచిన కాథెటర్ (గొట్టం) పెద్ద గుర్తులు. వీటిలో ఒకటున్నా కల్చర్ తీయాలి. 38.3 నుంచి 39.3 మధ్య జ్వరం, 65 దాటిన వయసు, చలి, వాంతులు, 90 కంటే తక్కువ పై బీపీ, 18,000 దాటిన తెల్లకణాలు, 5 శాతం దాటిన బ్యాండ్ కణాలు (ఇంకా ముదరని తెల్లకణాలు), లక్షన్నర కంటే తక్కువ ప్లేట్‌లెట్లు, 2 దాటిన క్రియాటినిన్ చిన్న గుర్తులు. వీటిలో ఏ రెండున్నా తీయాలి. మన దగ్గర డెంగ్యూ సీజన్లో ప్లేట్‌లెట్లు అందరికీ పడిపోతాయి కాబట్టి ఆ ఒక్కదాన్ని కాస్త జాగ్రత్తగా చూడండి.

ఈ లెక్కకు అందని వాళ్లూ వస్తారు. ఒక రాత్రి డ్యూటీలో డెబ్బై దాటిన పెద్దావిడను తీసుకొచ్చారు. "నిన్నటి నుంచి మాట తేడాగా ఉంది, అన్నం ముట్టలేదు సిస్టర్" అన్నాడు కొడుకు. ఒళ్లు చల్లగా ఉంది, టెంపరేచర్ 97 ఫారెన్‌హీట్. షుగర్ బాగానే ఉంది. పక్షవాతం అనుకుని స్ట్రెచర్‌ను సీటీ స్కాన్ వైపు తిప్పబోతుంటే, మా జూనియర్ సిస్టర్ పక్కన నిలబడి నిండా నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టింది. ముప్ఫై! బీపీ 94/56. అక్కడే రెండు చేతుల నుంచీ కల్చర్లు తీసి, డ్యూటీ డాక్టరుతో మందు మొదలుపెట్టించి, ఆ తర్వాతే స్కాన్‌కు పంపాం. మర్నాడు ఉదయం ల్యాబ్ నుంచి ఫోన్. నాలుగు బాటిళ్లలోనూ ఈ. కోలై అనే బాక్టీరియా. మూత్రంలో మొదలై రక్తంలోకి ఎక్కింది. ముసలివాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, స్టెరాయిడ్లు వాడేవాళ్లలో జ్వరం లేకపోవడాన్ని నమ్మొద్దు. ఊపిరి లెక్కపెట్టకుండా కేస్‌షీట్‌లో 20 అని రాసేయడం అన్ని వార్డుల్లోనూ ఉన్న అలవాటు. నా డ్యూటీలో మాత్రం దాన్ని ఒప్పుకోను.

మందు కంటే ముందు

యాంటీబయోటిక్ ఒక్క డోసు పడినా కల్చర్ దెబ్బతింటుంది. తీవ్రమైన సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) పేషెంట్లలో మందుకు ముందూ, మందు మొదలైన రెండు గంటల లోపూ కల్చర్లు తీసి పోల్చిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. ముందు తీసినప్పుడు నూటికి 31 మందిలో బాక్టీరియా దొరికితే, తర్వాత తీసినప్పుడు 19 మందిలోనే దొరికింది. అన్ని ఇన్ఫెక్షన్లు అంత త్వరగా నయమైపోలేదు కదా! మనకు కనబడకుండా పోయాయి, అంతే.

అలాగని కల్చర్ కోసం మందు ఆపి కూర్చోకూడదు. బీపీ పడిపోయిన పేషెంటుకు గంటలోపే యాంటీబయోటిక్ పడాలి. నరం దొరక్కపోతే సీనియర్‌ను పిలవండి, తొడ దగ్గర తీయాల్సి వస్తే డాక్టరుకు చెప్పండి. ముప్పావు గంట దాటేలా ఉంటే మందు మొదలుపెట్టి, ఆ తర్వాత తీయండి. నా అనుభవంలో ఆలస్యానికి కారణం నరం కాదు, బాటిళ్లు స్టోర్‌లో తాళం వేసి ఉండటం. రాత్రి షిఫ్ట్ మొదలవగానే కనీసం నాలుగు సెట్ల బాటిళ్లు, ఎక్స్‌పైరీ చూసి, క్రాష్ కార్ట్ (ఎమర్జెన్సీ మందుల ట్రాలీ) పక్కన పెట్టించండి.

ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఆర్ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ పడే ఉంటుంది. కోప్పడకుండా అడగండి. "ఏ సూది వేశారు బాబాయ్? పొడి మందులో నీళ్లు కలిపి వేశారా? చీటీ, ఖాళీ సీసా ఏమైనా ఉందా?" పొడి కలిపి వేశారంటే సెఫ్‌ట్రియాక్సోన్ లాంటి యాంటీబయోటిక్ అయ్యుండొచ్చు. ఆ వివరం, వేసిన టైమూ రిక్వెస్ట్ ఫారం మీద రాయండి. మందు పడిందని కల్చర్ మానేయొద్దు. నెగటివ్ వస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో డాక్టరుకు ఆ రాతే చెబుతుంది.

రక్తం తీయడం

పెద్దవాళ్లకు రెండు సెట్లు, రెండు వేర్వేరు చోట్ల నుంచి. ఒక్కో సెట్‌లో ఏరోబిక్ బాటిల్ (గాలిలో పెరిగే బాక్టీరియాకు) ఒకటి, అనేరోబిక్ (గాలి లేనిచోట పెరిగేవాటికి) ఒకటి. ఒక్కో బాటిల్‌కు 8 నుంచి 10 మిల్లీలీటర్లు. అంటే మొత్తం దాదాపు 40. ఇంత ఎందుకంటే, రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్నా మిల్లీలీటరుకు ఒక్క బాక్టీరియా కూడా ఉండకపోవచ్చు. రెండు మిల్లీ పంపి నెగటివ్ వచ్చిందని సంతోషిస్తే లాభం లేదు. ఒక్క సెట్‌తో సరిపెడితే నూటికి ముప్ఫై దాకా కేసులు జారిపోతాయి, రెండు సెట్లు తీస్తే అందులో చాలావరకు దొరుకుతాయి. పిల్లలకు బరువును బట్టి పీడియాట్రిక్ బాటిల్‌లో తీస్తాం, ఆ లెక్క వేరు.

"ఇంత రక్తం లాగేస్తే మనిషి ఏమైపోవాలి?" అని ఇంట్లోవాళ్లకు టెన్షన్ పట్టుకుంటుంది, అది సహజం. "అమ్మా, రక్తదానంలో ఒకేసారి 350 మిల్లీ తీస్తారు. ఇది అందులో ఎనిమిదో వంతు లోపే. ఏ మందు వేయాలో దీంతోనే తెలుస్తుంది" అని చెప్పండి. నేను చెప్పినప్పుడు ఎవరూ కాదనలేదు.

బాటిల్ చేతిలోకి తీసుకోగానే, 10 మిల్లీ ఎక్కడిదాకా వస్తుందో పక్కనున్న గీతలు చూసి పెన్నుతో గుర్తు పెట్టండి. ప్లాస్టిక్ మూత తీస్తే కింద రబ్బరు కనబడుతుంది. అది శుభ్రంగా మెరుస్తున్నా స్టెరైల్ కాదు. స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వండి. రబ్బరు మీద బెటాడిన్ వాడొద్దు.

ఇప్పుడు చర్మం. నరాన్ని ముందే వేలితో తడిమి చూసుకోండి. ఆల్కహాల్ కలిసిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో ముప్ఫై సెకన్లు ముందుకీ వెనక్కీ గట్టిగా రుద్దండి. తర్వాత ముప్ఫై సెకన్లు ఆరనివ్వండి. ఊదొద్దు, గాజుగుడ్డతో ఒత్తొద్దు. బెటాడిన్ ఒక్కటే ఉంటే రెండు నిమిషాలు ఆగాలి, ఎందుకంటే అది ఆరేటప్పుడే పనిచేస్తుంది. కల్చర్ పాడయ్యేది ఎక్కువగా ఈ అరనిమిషంలోనే. పక్క బెడ్ నుంచి పిలుస్తారు, చేయి తొందరపడుతుంది, తడి మీదే సూది గుచ్చేస్తాం. శుభ్రం చేశాక నరం మళ్లీ తడమొద్దు. తడమక తప్పకపోతే స్టెరైల్ గ్లవ్స్ ఉండాలి, లేదా మళ్లీ మొదటి నుంచి రుద్దాలి.

బటర్‌ఫ్లై సూదితో నేరుగా బాటిల్‌లోకి తీస్తే ముందు ఏరోబిక్, ఎందుకంటే గొట్టంలోని గాలి అందులోకి పోయినా ఇబ్బంది లేదు. సిరంజితో తీస్తే ముందు అనేరోబిక్, తర్వాత ఏరోబిక్. రక్తం తక్కువే వస్తే మొత్తం ఏరోబిక్‌కే ఇవ్వండి. మధ్యలో సూది మార్చొద్దు, మీ చేతికే గుచ్చుకుంటుంది. ఐవీ కాన్యులా పెడుతూ అందులోంచే కల్చర్ లాగడం సులువుగా ఉంటుంది కానీ చర్మపు క్రిములు ఎక్కువగా కలుస్తాయి. కొత్తగా వేరే చోట గుచ్చండి. డయాలిసిస్ కాథెటరో సెంట్రల్ లైనో (పెద్ద నరంలో పెట్టిన గొట్టం) ఉన్నవాళ్లకు మాత్రం లైన్ నుంచి ఒక సెట్, చేతి నుంచి ఒక సెట్ ఒకేసారి తీసి, ఏది ఎక్కడిదో రాయండి. లైన్‌లోంచి తీసింది రెండు గంటలు లేదా అంతకంటే ముందు పాజిటివ్ అయితే తప్పు ఆ లైన్‌దే.

కల్చర్ బాటిళ్లు నిండాకే మిగతా ట్యూబులు. లేబుల్‌ను బార్‌కోడ్ మీద అంటించొద్దు. ఏ చేతి నుంచి తీశారో, టైమ్, మీ సంతకం దాని మీద ఉండాలి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు! రాత్రి తీసినవి పొద్దున్నే పంపుదామని మిగతా శాంపిళ్లతో కలిపి ఫ్రిజ్‌లో తోసేసే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. గది వేడిమిలోనే ఉంచి, రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి.

మిగతా రక్త పరీక్షలు చెప్పేది

లాక్టేట్ నాకు అన్నిటికంటే ఉపయోగం. 2 దాటితే జాగ్రత్తపడాలి, 4 దాటితే బీపీ బాగున్నా ఆ పేషెంటును కళ్ల ముందే పెట్టుకోవాలి. పిడికిలి గట్టిగా బిగించమనకుండా తీసి, ఏబీజీ మెషీన్ (రక్తంలోని వాయువులు కొలిచేది) పక్కనే ఉంటే వెంటనే పెట్టండి, లేకపోతే ఐస్‌లో పంపండి. 2 దాటినవాళ్లకు రెండు నుంచి నాలుగు గంటల్లో మళ్లీ చూడాలి. ఫిట్స్ వచ్చినవాళ్లలో, లివర్ పాడైనవాళ్లలో, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో ఇన్ఫెక్షన్ లేకుండా కూడా పెరగొచ్చు.

సీబీపీలో మొత్తం తెల్లకణాలు చూసి వదిలేయొద్దు. 8,000 ఉన్నా బ్యాండ్ కణాలు పది శాతం దాటితే, లింఫోసైట్లు బాగా పడిపోతే అది నార్మల్ రిపోర్ట్ కాదు. 4,000 కంటే తక్కువ ఉంటే 20,000 ఉన్నదానికంటే నాకు ఎక్కువ భయం.

ప్రోకాల్సిటోనిన్ ఖరీదైన పరీక్ష. 0.5 కంటే తక్కువుంటే రక్తంలో బాక్టీరియా ఉండే అవకాశం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. జ్వరం మొదలైన తొలి గంటల్లో అది ఇంకా పెరిగి ఉండదు. మలేరియాలో, కాలిన గాయాల్లో, పెద్ద ఆపరేషన్ తర్వాత బాక్టీరియా లేకపోయినా పెరుగుతుంది. సెప్సిస్ మీద 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా మందు మొదలుపెట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి దీన్ని వాడొద్దనే అన్నాయి. ఎప్పుడు ఆపాలో తేల్చడానికి పనికొస్తుంది. సీఆర్పీ ఇంకా నిదానం, క్యాజువాలిటీలో దానికోసం ఎదురుచూడొద్దు.

వైడాల్ ఒక్కసారి చేసి టైఫాయిడ్ అని రాయడం మన దగ్గర చాలా ఉంది. టైఫాయిడ్‌కైనా మొదటి వారంలో కల్చరే మేలు. ఇక కల్చర్‌లో పెరగనివి గుర్తుంచుకోండి. స్క్రబ్ టైఫస్ ఈ బాటిళ్లలో ఎన్నాళ్లుంచినా పెరగదు. పొలం పనిచేసేవాళ్లకు చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుము దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉందేమో బట్ట తొలగించి చూడండి. మలేరియాకు స్మియర్, డెంగ్యూకు ఎన్ఎస్1 విడిగా పంపాలి.

ల్యాబ్ నుంచి ఫోన్ వస్తే

బాటిల్ మెషీన్‌లో ఐదు రోజులుంటుంది. నిజమైన ఇన్ఫెక్షన్ చాలావరకు మొదటి రోజో రెండో రోజో పలుకుతుంది. ల్యాబ్‌వాళ్లు ముందు గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూసిన బాక్టీరియా రకం) చెబుతారు. విన్నది కాగితం మీద రాసుకుని, వాళ్లకే తిరిగి చదివి వినిపించి, వెంటనే డాక్టరుకు చెప్పండి.

కోయాగులేజ్ నెగటివ్ స్టెఫైలోకాకస్, డిఫ్తిరాయిడ్లు నాలుగు బాటిళ్లలో ఒక్కదాంట్లోనే వస్తే చాలావరకు చర్మం మీదివే. రెండు సెట్లలోనూ అదే వస్తే, లోపల కాథెటరో కృత్రిమ కవాటమో ఉంటే అలా కొట్టిపారేయకూడదు. రెండు చోట్ల తీయమనేది ఈ తేడా తెలియడానికే. స్టెఫైలోకాకస్ ఆరియస్, ఈ. కోలై, క్లెబ్సియెల్లా ఒక్క బాటిల్‌లో వచ్చినా నిజమే అనుకోవాలి. షుగర్ పేషెంటు, వానాకాలం, పొలం పని, తగ్గని జ్వరం కలిసి ఉంటే మెలియాయిడోసిస్ (మట్టిలో, నీళ్లలో ఉండే ఒక బాక్టీరియాతో వచ్చే జబ్బు) అనుమానమని ఫారం మీదే రాయండి. ఆ బాక్టీరియాను మామూలు సూడోమోనాస్ అని పొరబడే ప్రమాదం ఉంది, ల్యాబ్‌వాళ్లు దాన్ని తగిన జాగ్రత్తతో చూడాలి కూడా.

చివరగా ఫోన్ నంబరు. క్యాజువాలిటీ పేషెంటు మన దగ్గరే ఉండడు. పై ఆస్పత్రికి రెఫర్ అవుతాడు, లేదా కాస్త తగ్గిందని సంతకం పెట్టి ఇంటికి వెళ్తాడు. రిపోర్ట్ ఆ తర్వాత వస్తుంది. అందుకే ఫారం మీద ఇంట్లోవాళ్లవి రెండు నంబర్లు రాయించుకోండి. అక్కడే ఒకసారి డయల్ చేసి మోగుతుందో లేదో చూడండి. రిజల్ట్ రాని కల్చర్ల జాబితా షిఫ్ట్ మారేటప్పుడు తర్వాతి సిస్టర్ చేతికి ఇవ్వండి, ఐదో రోజు దాకా.