పచ్చగీత పట్టుకుని: పీక్ డిస్ట్రిక్ట్‌లో నడక, సైకిలు, పాత రాళ్లు

ఇంగ్లండులో మాంచెస్టర్, షెఫీల్డ్, డెర్బీల్లో ఉండే తెలుగువాళ్లలో దగ్గర్లోని కొండల నేషనల్ పార్కు పీక్ డిస్ట్రిక్ట్ చూడనివాళ్లు తక్కువే. కాకపోతే ఎక్కువమంది కారు దిగి, లోయ ముందు ఫొటోలు దిగి, ఐస్‌క్రీం తిని వెనక్కి తిరుగుతారు. పక్కనే గొర్రెలు మేస్తున్న పొలానికి చిన్న గేటు ఉంటుంది. ఎవరిదో పొలం, లోపలికి పోతే ఏమంటారో అని అక్కడే ఆగిపోతారు. పోవచ్చా లేదా అన్నది ఆ పొలం యజమాని ఇష్టాన్ని బట్టి ఉండదు. మ్యాపులో ఆ పొలం మీదుగా పచ్చగీత ఉంటే పోవచ్చు, అంతే.

కొనాల్సింది బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసే ఎక్స్‌ప్లోరర్ మ్యాపు, నారింజ రంగు అట్టది. స్కేలు 1:25,000, అంటే మ్యాపు మీద 4 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. బేక్‌వెల్ ఊరి చుట్టుపక్కలకి ఓఎల్ 24 నంబరు తీసుకోండి. గులాబీ అట్ట ల్యాండ్‌రేంజర్ 1:50,000ది. అందులో పొలం గోడలు కనిపించవు కాబట్టి నడకకి పనికిరాదు. ఎక్స్‌ప్లోరర్‌లో పొట్టి పచ్చ గీతలు ఫుట్‌పాత్, నడిచేవాళ్లకి మాత్రమే. పొడుగు పచ్చ గీతలు బ్రిడిల్‌వే, గుర్రానికీ సైకిలుకీ కూడా. నేల మీద గుర్తులు కూడా ఇలాగే విడివిడిగా ఉంటాయి: ఫుట్‌పాత్‌కి పసుపు బాణం, బ్రిడిల్‌వేకి నీలం బాణం. బ్రిడిల్‌వే మీద సైకిలుకి 1968 చట్టం అనుమతి ఇచ్చింది. అయితే నడిచేవాళ్లకీ గుర్రాలకీ దారి ఇవ్వాల్సింది సైకిలువాళ్లే. చాలామంది పొరబడేది నల్ల చుక్కగీతల దగ్గర. అక్కడ దారి ఉందని మాత్రమే దానర్థం, నడిచే హక్కు ఉందని కాదు. లేత పసుపు రంగు వేసిన మేర మాత్రం దారితో పని లేకుండా ఎటైనా నడవచ్చు, సైకిలు కుదరదు.

గట్ల మీద నడిచిన అలవాటు కొద్దీ మనం ఇక్కడ ఒక తప్పు చేస్తాం. పచ్చగీత చేను మధ్య నుంచి పోతున్నా, పైరు తొక్కడం ఎందుకని అంచు వెంట చుట్టి వెళతాం. హక్కు ఉన్నది గీత మీదే, అంచు మీద కాదు. పొలం అడ్డంగా పోయే ఫుట్‌పాత్‌ని దున్నితే రైతు 14 రోజుల్లోగా కనీసం ఒక మీటరు వెడల్పున తిరిగి వేసి ఇవ్వాలి. కాబట్టి మొహమాటం లేకుండా మధ్యలోంచే, ఒకరి వెనక ఒకరుగా నడవండి. గేటు తెరిచి ఉంటే తెరిచే వదిలేయండి, మూసి ఉంటే మీరు దాటాక మూసేయండి. రాతి గోడ ఎక్కి దాటకండి. సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన గోడలవి, ఒక రాయి జారితే పక్కవీ జారతాయి. గోడలో మనిషి కాలు మాత్రమే దూరేంత సందు ఉంటుంది, గొర్రె దూరలేదు. దాన్నే స్క్వీజ్ స్టైల్ అంటారు. పిల్లల తోపుడుబండి కూడా అందులో పట్టదు, ఇంటి దగ్గరే ఆలోచించుకోవాలి.

దూడలతో ఉన్న ఆవుల మంద కనిపిస్తే మధ్యలోంచి వెళ్లకండి, దూరంగా చుట్టి వెళ్లండి. వెంట కుక్క ఉండి ఆవులు మీదికొస్తే గొలుసు వదిలేయండి. అది తప్పించుకుంటుంది, మీరు దాన్ని పట్టుకుని నిలబడితే దెబ్బ మీకు తగులుతుంది.

మొదటి నడక: మాన్సల్ హెడ్ చుట్టు

సుమారు 7-8 కిలోమీటర్లు. గంటకి 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట అన్నది ఇక్కడి పాత లెక్క. ఆ లెక్కన రెండు గంటలు చాలు. పిల్లలు, ఫొటోలు, పులిహోర డబ్బా కలిస్తే నాలుగు గంటలు పెట్టుకోండి.

లోయ అంచున ఉన్న మాన్సల్ హెడ్ నుంచి కాలిబాట నిటారుగా దిగి హెడ్‌స్టోన్ వయాడక్ట్ దగ్గర కలుస్తుంది. 1863లో రైలు కోసం కట్టిన వంతెన అది. బక్స్‌టన్ మూర్ఖుడు అరగంటలో బేక్‌వెల్‌కి, బేక్‌వెల్ మూర్ఖుడు అరగంటలో బక్స్‌టన్‌కి చేరడానికి ఒక లోయని నాశనం చేశారని ఆనాటి రచయిత జాన్ రస్కిన్ మండిపడ్డాడు. 1968లో రైలు ఆగిపోయింది. ఇప్పుడు జనం వచ్చేది ఆ వంతెనని చూడటానికే. పాపం రస్కిన్.

వంతెన దాటి పాత రైలుదారి పట్టుకుంటే క్రెస్‌బ్రుక్, లిట్టన్ సొరంగాలు వస్తాయి. ఒక్కొక్కటి 400 మీటర్లకి పైనే. పగటిపూట లైట్లు వెలుగుతాయి, చీకటి పడితే ఆరిపోతాయి. డిసెంబరులో సాయంత్రం నాలుగుకే పొద్దు గూకుతుంది కాబట్టి జేబులో టార్చి ఉండాలి. ఎండాకాలంలోనూ లోపల చలి, పైనుంచి నీళ్లు కారుతుంటాయి.

లిట్టన్ సొరంగం దాటాక లిట్టన్ మిల్ వైపు దిగి, చిన్న వంతెన మీద వై నది దాటండి. 1782లో మొదలైన ఈ నూలు మిల్లులో అనాథ పిల్లల చేత పని చేయించినందుకు దీనికి చెడ్డపేరు ఉంది. అక్కడి నుంచి నది ఒడ్డునే వెనక్కి నడిస్తే వాటర్-కమ్-జాలీ అనే చోటు వస్తుంది. ఒక పక్క సున్నపురాతి కొండ నిలువుగా లేస్తుంది, ఇంకో పక్క నిశ్చలమైన నీళ్లు, మధ్యలో ఇరుకైన దారి. ఈ చుట్టు చెడిపోయేది ఇక్కడే. రెండు మూడు రోజులు గట్టిగా వాన పడితే దారి నీళ్లలో మునిగిపోతుంది. బూటు మునిగేంత కనిపిస్తే ముందుకు పోకండి, వెనక్కి వెళ్లి సొరంగాల దారినే తిరిగి రండి. నీళ్లు లేకపోయినా తడిసిన సున్నపురాయి సబ్బులా జారుతుంది. జాగింగ్ షూ చాలదు, అడుగున లోతు గాడులు ఉన్న బూటు కావాలి. జీన్సు వద్దు, తడిస్తే ఆరదు.

క్రెస్‌బ్రుక్ మిల్లు దగ్గర నది దాటి పైకెక్కితే మళ్లీ రైలుదారి. వంతెన దాకా నడిచి, చివర్లో మాన్సల్ హెడ్‌కి ఎక్కాలి. ఆ కాస్త ఎక్కడానికి ఊపిరి మిగుల్చుకోండి.

సైకిలు

ఆ రైలుదారే మాన్సల్ ట్రైల్, బేక్‌వెల్ నుంచి బ్లాక్‌వెల్ మిల్ దాకా 8.5 మైళ్లు, అంటే దాదాపు 13.7 కిలోమీటర్లు. 2011లో సొరంగాలు తెరిచాకే సైకిలుకి అనువైంది. రైలు కోసం వేసింది కాబట్టి నిటారు ఎక్కుడు ఉండదు, నలగ్గొట్టిన సున్నపురాతి నేల. రోడ్డు సైకిలు సన్న టైర్లకన్నా కాస్త వెడల్పు టైర్ల హైబ్రిడ్ సైకిలు మేలు. బేక్‌వెల్ వైపు నుంచి మొదలుపెట్టండి: వెళ్లేటప్పుడు తెలియనంత ఎక్కుడు, అలసిపోయి వచ్చేటప్పుడు దిగుడు. సైకిలు అద్దెకి హాసప్ స్టేషన్‌లో, బ్లాక్‌వెల్ మిల్‌లో దొరుకుతాయి. సొరంగంలోకి వెళ్లే ముందు చలువ కళ్లద్దాలు తీసేయండి. ఎండలోంచి మసకలోకి పోతే కొన్ని క్షణాలు ఎదుటి పిల్లలు కూడా కనబడరు.

పాత రాళ్లు

మ్యాపులో పాత కాలపు అచ్చులా, కొక్కేలు తిరిగిన అక్షరాలతో రాసిన పేర్లు కనిపిస్తే అవి పురాతన స్థలాలు. ఈ ఒక్క సంగతి తెలిస్తే గైడు పుస్తకం అక్కర్లేదు. ‘ఆర్బర్ లో’ (Arbor Low) అనే రాతి వలయం అలాగే దొరుకుతుంది: గుండ్రని మట్టికట్ట లోపల దాదాపు 50 సున్నపురాతి పలకలు, అన్నీ పడుకుని ఉంటాయి, నాలుగు వేల ఏళ్ల పైబడినవి. నిలబడిన రాళ్లు చూద్దామని వెళితే నిరాశే. దారి పొలం ఇంటి ముందు నుంచే పోతుంది, ఆ ఇంటివాళ్లకి దారి రుసుము ఇవ్వడానికి చిల్లర వెంట ఉంచుకోండి.

ఈమ్ ఊరు మాత్రం తప్పక చూడాలి. 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో ప్లేగు దిగింది. మరుసటి ఏడు ఊరి చర్చి మతగురువు (రెక్టర్) విలియం మాంపెసన్ మాట మీద ఊరివాళ్లు పొలిమేర దాటకుండా ఉండిపోయారు. స్టోనీ మిడిల్టన్ వైపు పొలాల మధ్య పొలిమేర రాయి ఇంకా ఉంది. పైన గుంటలు ఉంటాయి. వాటిలో వెనిగర్ పోసి నాణేలు వేసేవాళ్లు, పక్క ఊరివాళ్లు తిండి పెట్టి ఆ డబ్బు తీసుకునేవాళ్లు. గుంటల అంచులు చేతులతో అరిగి నున్నగా ఉంటాయి, వేలు పెట్టి చూడండి. ఊరి నుంచి అక్కడికి పచ్చగీత మీద కిలోమీటరు లోపే.

చివరిగా, ఈ లోయల్లో ఫోను సిగ్నల్ పోతుంటుంది. బయల్దేరకముందే మ్యాపు డౌన్‌లోడ్ చేసుకోండి. ‘రిజిస్టర్’ అనే మాటని ఇంగ్లిషులో అత్యవసర నంబరు 999కి మెసేజ్ పెట్టి నమోదు చేసుకుంటే, మాట వినబడని చోట మెసేజ్‌తో సాయం అడగొచ్చు. కాల్ కలిస్తే 999లో పోలీసుని అడిగి, కొండల్లో చిక్కుకున్నవాళ్లని కాపాడే మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. ఎక్కడున్నారంటే గ్రిడ్ నంబరు, అంటే మ్యాపు మీది గడుల గీతలతో లెక్కపెట్టే నంబరు చెప్పండి. ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా: మాన్సల్ హెడ్ ఎస్‌కే 184 715. ఎస్‌కే అన్నది ఆ ప్రాంతపు పెద్ద గడి పేరు. మ్యాపు కింది అంచున 18వ గీత, అక్కడి నుంచి పదింట నాలుగు వంతులు కుడికి, పక్క అంచున 71వ గీత, అక్కడి నుంచి సగం పైకి. ఇంట్లో టేబుల్ మీద రెండు మూడు చోట్లకి ఇలా లెక్కపెట్టి చూసుకుని వెళ్లండి.