మే నెలలో బెజవాడలో కేక్ ఆర్డర్ ఒప్పుకునే ముందు

ఎగ్‌లెస్సా కాదా, కేకు మీద పేరు ఎలా రాయాలి అన్నవి వాట్సాప్‌లో రాయించుకోండి, ఫోన్‌లో విన్నది నమ్మొద్దు. ఓవెన్ 180 డిగ్రీలకు వేడెక్కాకే టిన్ను లోపల పెట్టాలి. స్పాంజ్ పూర్తిగా చల్లారకుండా క్రీమ్ పూస్తే కారిపోతుంది, అందుకే ముందురోజు రాత్రే బేక్ చేసుకోవడం మేలు. మన ఎండలకు క్రీమ్ ఒక్కటే కాదు, దాన్ని గిలక్కొట్టే గిన్నె, బీటర్ పుల్లలు కూడా ఫ్రిజ్‌లో పెట్టి తీయండి, ఏసీ గది ఉంటే ఐసింగ్ అక్కడే. ఫాండెంట్ (పంచదార ముద్ద)తో చేసిన బొమ్మలు మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తీయగానే చెమటపట్టి జిగురెక్కుతాయి. రెండంతస్తులైతే కింది కేకులో గట్టి స్ట్రాలు గుచ్చి, పైదాని కింద అట్ట వేయాలి. అందంగా ఉన్నాయని పెరట్లో గన్నేరు పూలు కోసి కేకు మీద పెట్టేరు జాగ్రత్త, అవి విషం! బెంజ్ సర్కిల్ మీదుగా డెలివరీ అయితే సాయంత్రం ట్రాఫిక్ లెక్కేసుకుని బయల్దేరండి, బైక్ మీద అసలొద్దు.