పిల్లరు చాటున బైకు ఉంటుంది: నిజాంపేట నుంచి అమీర్‌పేటకు కారులో

నలభై మూడేళ్ల వయసులో కారు నేర్చుకున్నాను. ఊరు హైదరాబాద్, ఇల్లు నిజాంపేటలో, ఆఫీసు అమీర్‌పేటలో. గేర్లు, స్టీరింగు పదిహేను రోజుల్లో అలవాటైపోయాయి. జేఎన్‌టీయూ దగ్గర ఏ లేన్‌లో ఉండాలో తెలియడానికి మాత్రం ఆర్నెల్లు పట్టింది. ఇవాళో రేపో కారు తీద్దామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఫ్రీ లెఫ్ట్ సంగతి, అంటే ఎర్ర లైటు ఉన్నా ఆగకుండా ఎడమకు తిరిగిపోయే వీలు. నా మొదటి చలానా దాని పుణ్యమే. మూసాపేట వైపు నేరుగా పోవాల్సినదాన్ని, ఖాళీగా ఉంది కదా అని సిగ్నల్ దగ్గర ఎడమ చివర ఆగాను. వెనక ఆటో అతను హారన్ మీద చెయ్యి తీయడు. కంగారులో కాస్త ముందుకు జరిపాను, ముందు చక్రాలు స్టాప్ లైన్ దాటేశాయి. రాత్రి ఈ-చలానా సైట్లో బండి నంబరు కొట్టి చూస్తే ఫోటో ఉంది. గీత, దాని మీద నా కారు. వాదించడానికేముంది?

అందుకే నేరుగా పోయేవాళ్లు జంక్షన్‌కి 200 మీటర్ల ముందే మధ్య లేన్‌లోకి వచ్చేయండి. పొరపాటున ఎడమవైపు ఇరుక్కుంటే ఎడమకే తిరిగిపోండి, ముందెక్కడో యూటర్న్ తీసుకుని రావచ్చు. ఫ్రీ లెఫ్ట్ అని బోర్డు లేనిచోట మాత్రం ఎర్ర లైటు పడితే ఎడమకు పోయేవాళ్లూ ఆగాల్సిందే. వెనకవాళ్ల హారన్‌కీ, రూలుకీ సంబంధం లేదు.

చలానా పడితే వెంటనే కట్టేయండి. 2023 డిసెంబరులో పెండింగ్ చలానాలకు బైకుల మీద 80 శాతం, కార్ల మీద 60 శాతం రాయితీ ఇచ్చారు. అప్పటి నుంచి మా తమ్ముడు మళ్లీ ఇస్తారని ఎదురుచూస్తూనే ఉన్నాడు. లిస్టు పెరుగుతూనే ఉంది.

ఇక యూటర్న్. మా దారి పొడవునా నడిమధ్యలో మెట్రో పిల్లర్లే. 50 మీటర్ల ముందే ఇండికేటర్ వేసి కుడి లేన్ పట్టుకోవడం అందరూ చెప్పేదే. అసలు చిక్కు తిరిగే సందు దగ్గర వస్తుంది. సందుకి అవతల ఉన్న పిల్లరు ఎదురుగా వచ్చేవాటిని కప్పేస్తుంది. బస్సయితే కనిపిస్తుంది. బైకు మాత్రం ఆ వెడల్పులో మొత్తంగా దాక్కుంటుంది. డ్రైవింగ్ స్కూల్ సార్ రోజూ ఒకటే మాట: "ముందు ముక్కు పెట్టకండి మేడమ్." అంటే బానెట్ డివైడర్ అంచు దాటకుండా ఆపాలి. ఫస్ట్ గేరు, సగం క్లచ్. మెడ ముందుకు చాచి పిల్లరుకి అవతలివైపు చూడాలి, రెండు సెకన్లాగి మళ్లీ చూడాలి. మొదటిసారి చూసినప్పుడు చాటున ఉన్న బైకు రెండోసారికి బయటపడుతుంది. ఎదురుగా నేరుగా వచ్చేవాళ్లదే మొదటి హక్కు, మనం ఆగి తిరగాలి. కుడివైపు కూడా ఒకసారి చూడండి, రాంగ్ రూట్లో డివైడర్ పక్కనే ఆనుకుని వచ్చే మహానుభావులు రోజుకొకరైనా తగులుతారు. తిరిగాక ఒకేసారి ఎడమ చివరికి కోసేయకుండా డివైడర్ పక్క లేన్‌లోనే కొంచెం దూరం పోయి, అద్దం చూసుకుని జరగండి.

సర్కిల్ దగ్గర పెద్ద తంటా ఏమీ లేదు. అప్పటికే లోపల తిరుగుతున్నవాళ్లకు, అంటే మన కుడి నుంచి వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలి. రాత్రిపూట సిగ్నల్ ఎర్రగా మిణుకుమంటుంటే పూర్తిగా ఆగి చూసి పోవాలి, పసుపు మిణుకుమంటే నెమ్మదిగా చూసుకుంటూ పోవచ్చు. మామూలు సిగ్నల్లో పసుపు పడితే ఆగమనే అర్థం, భద్రంగా ఆగలేనంత దగ్గరికి వచ్చేసినప్పుడే దాటాలి.

బైకువాళ్లకు ఒక మాట: మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ పోయే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కకండి, టూవీలర్లకు అనుమతి లేదు. మ్యాప్‌లో కారు గుర్తు పెట్టుకుని బైకు నడిపితే అదే దారి చూపిస్తుంది.

నాకిప్పటికీ చేతకానిది ఒకటుంది, ఎర్రగడ్డ స్టాపు నుంచి కుడికి కోసుకొచ్చే సిటీ బస్సు. ఎవరు ముందో నేను లెక్కలు వేయను. బ్రేక్ మీద కాలు పెట్టి, "పో నాయనా" అంటాను.