గుడగుడమన్న బాయిలర్: నా అనుభవం

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ డేల్స్‌లో మేం సెలవులకొచ్చేవాళ్లకి అద్దెకిచ్చే రాతి కాటేజీలు రెండున్నాయి. శుక్రవారం పొద్దున 10 గంటలకు పాతవాళ్లు ఖాళీ చేస్తారు, సాయంత్రం 4కి కొత్తవాళ్లు దిగుతారు. దుప్పట్లు, బాత్రూములు, పొయ్యిలో బూడిద, అన్నీ ఆ మధ్యలోనే.

మొన్న జనవరిలో రాత్రంతా మైనస్ 6. పొద్దున నేను దిండు గలీబులు మారుస్తుంటే, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ హుక్కా పీల్చినట్టు గుడగుడమని ఆగిపోయింది. రీసెట్ నొక్కితే మళ్లీ అదే పాట. మెకానిక్ సోమవారం వస్తానన్నాడు. ఒకటే టెన్షన్.

బయటికెళ్లి చూశాను. గోడ వెంట దిగే సన్నటి తెల్ల ప్లాస్టిక్ గొట్టం వంపు దగ్గర గడ్డకట్టింది. కండెన్సింగ్ బాయిలర్‌లో పొగలోని ఆవిరి చల్లబడి నీరవుతుంది, ఆ నీరు పోయే దారి ఇదే. మూసుకుపోతే బాయిలర్ తనంతట తనే ఆగిపోతుంది. మొక్కలకు పోసే క్యానుతో వేడినీళ్లు పోశాను. మరిగేవి కాదు, ప్లాస్టిక్ పగులుతుంది. చెయ్యి పెట్టగలిగినంత వేడివి. మూడో క్యానుకి లోపల మంచు జారిన చప్పుడు. రీసెట్ నొక్కాను, వెలిగింది! కింద రాళ్ల మీద పడ్డ నీళ్లు మళ్లీ గడ్డకట్టి ఎవరైనా జారతారని ఉప్పు చల్లాను.

తర్వాత 21.5 మిల్లీమీటర్ల గొట్టం తీయించి 32ది వేయించాను, పైన ఫోమ్ తొడుగుతో. ఆ రోజు అతిథులు మూడుంబావుకే వచ్చేశారు. ఎప్పుడూ అంతే.